మొదటి తడి చిలపకే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో చేనేత ప్రదర్శనకు వచ్చినప్పుడు ఎనిమిది చిలపల (వదులుగా చుట్టి కట్టిన నూలు కట్టల) చేతి నూలు కొన్నారు. నీలిమందు వేసినవి నాలుగు, మంజిష్ఠ వేరుతో అద్దిన ఎరుపువి మూడు, తెల్లది ఒకటి. చారల శాలువా అల్లారు. కరీంనగర్‌లో మీ ఇంటి బోరు నీళ్లలో డిటర్జెంటు పొడి వేసి మొదటిసారి నానబెట్టగానే నీలం తెల్ల చారల్లోకి దిగింది, ఎరుపు మసకబారి ఊదా వైపు తిరిగింది, నలుచదరంగా ఉండాల్సిన శాలువా ఒక పక్కకు ఒరిగింది. ఇంకా ఒక నీలి చిలప, ఒక ఎర్ర చిలప మిగిలాయి. వాటితోపాటు హుస్నాబాద్ దగ్గరి ఊరి నుంచి మీ అత్తగారు పంపిన నల్ల ఊలు సంచి ఒకటి ఉంది. నకిలీ సరుకు అంటగట్టారా, మిగిలినది ఎలా వాడాలి, ఊలుకు పురుగు పట్టకుండా ఏం చేయాలి అని అడిగారు.

మోసం జరగలేదమ్మా. నేను 30 ఏళ్లుగా నూలు వడుకుతున్నాను, అద్దుతున్నాను, అల్లుతున్నాను. మీరు రాసిన లక్షణాలన్నీ అసలైన నీలిమందుకు, అసలైన మంజిష్ఠకు, చేత్తో వడికిన నూలుకు ఉండేవే. జరిగిన పొరపాటు ఒక్కటే. మీ చేతికి వచ్చిన ఆ నూలు మొట్టమొదటిసారి తడిసింది శాలువా అయ్యాక. తడవాల్సింది చిలపగా ఉన్నప్పుడు. వదిలే రంగు, తిరిగే పురి (వడికినప్పుడు పోగుకు పడిన మెలి), కుదించుకునే పొడవు, చేతి నూలులో ఏది దాగి ఉన్నా మొదటి తడిలోనే చాలా వరకు బయటపడుతుంది. చిలపలో బయటపడితే సవరించుకోవచ్చు. అల్లికలో బయటపడితే పక్కనున్న రంగు మీద, పక్కనున్న వరుస మీద పడుతుంది.

కాబట్టి మిగిలిన రెండు చిలపలతోనే మొదలుపెట్టండి. చిలపను విప్పి, నాలుగు చోట్ల తెల్ల నూలు దారంతో వదులుగా కట్టండి. కట్టేటప్పుడు పోగులను రెండు పాయలు చేసి, దారాన్ని మధ్యలో నుంచి ఎనిమిది అంకెలా పోనివ్వాలి. గట్టిగా బిగిస్తే అక్కడికి నీళ్లు చేరవు, కట్టిన చోట రంగు వేరుగా మిగులుతుంది. వదులుగా కడితే ఎన్నిసార్లు ఉతికినా చిక్కు పడదు. ముందు రోజు రాత్రి ఆరేడు కుంకుడుకాయలు గింజ తీసి నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టి బకెట్‌లో కలపండి. చిలపను నీటి మీద పెట్టి చెయ్యి తీసేయండి. దానంతట అది మునగాలి. చాలాసేపు తేలుతూ ఉంటే అద్దకానికి ముందు నూలును సరిగా ఉడికించలేదని, పత్తిలోని సహజమైన మైనం ఇంకా పోలేదని అర్థం. అలాంటి నూలు రంగును పైపైనే పట్టుకుంటుంది, ఎక్కువ నీళ్లు అడుగుతుంది.

నీలి చిలపను ముంచినప్పుడు మొదటి నీళ్లు సిరాలా మారతాయి. భయపడకండి. చిలపను పైకెత్తి దించుతూ, పోగుల మధ్య నుంచి నీళ్లు పారనివ్వండి. రుద్దకూడదు. నీళ్లు మార్చండి, మళ్లీ ముంచండి. వరంగల్ కొత్తవాడలో అద్దకం చేసే ఒక పెద్దాయన నాకు నేర్పిన పరీక్ష ఉంది. ఆయన రంగు పోయిందా లేదా అని బకెట్‌లోకి తొంగి చూసేవాడు కాదు. బకెట్ రంగు, నీడ, పొద్దు అన్నీ కంటిని మోసం చేస్తాయి. చిలపలోంచి కారే నీటిని అరచేతిలో పట్టి తెల్లగుడ్డ మీద పోసేవాడు. గుడ్డ ఆరాక మరక అంచు కనిపించకపోతేనే ఆ చిలప మగ్గం దగ్గరికి వెళ్లేది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల్లో ముదురు రంగుల పక్కనే తెలుపు అంత శుభ్రంగా నిలబడటం వెనుక ఇలాంటి ఓపిక ఉంది. నేను ఇప్పటికీ ఆ తెల్లగుడ్డ పరీక్ష లేకుండా ఏ చిలపనూ అల్లికకు తీసుకోను.

నీలం ఎందుకు అలా దిగుతుందో తెలిస్తే మీకు సగం బెంగ తీరుతుంది. నీలిమందు నీటిలో కరగదు. రంగు బానలో గాలి తగలకుండా పులియబెట్టినప్పుడు కరిగే రూపానికి వస్తుంది. నూలును అందులో ముంచి తీస్తే పసుపుపచ్చగా బయటికి వచ్చి, గాలి తగులుతున్న కొద్దీ కళ్లముందే ఆకుపచ్చగా, తరువాత నీలంగా మారుతుంది. అంటే రంగు నూలు లోపలా, నూలు పైనా మళ్లీ కరగని రేణువులుగా నిలుస్తుంది. పైన మిగిలినది రాలుతుంది. మీ వేళ్లకు, సూదులకు అంటినది అదే. ముదురు రంగు కోసం ఎక్కువసార్లు ముంచిన చిలప ఎక్కువగా రాలుస్తుంది. లోపల కుదురుకున్న నీలం మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉప్పు నీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు ఆగిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. అద్దిన తరువాత ఉప్పు ఏ రంగునూ పట్టి ఉంచదు. కొన్ని రసాయన రంగులను అద్దే నీటిలో ఉప్పు వేస్తారు, ఆ రంగు నూలులోకి వెళ్లడానికి. దాని పని అక్కడితో సరి. వెనిగర్ కూడా ఊలుకు, పట్టుకు వేసే కొన్ని రసాయన రంగుల దగ్గర, వేడితో కలిసి పనికొస్తుంది. నీలిమందు వేసిన నూలుకు రెండూ పనికిరావు. ఆ వదులు రంగును ఆపాలని చూడకండి, పోనివ్వండి.

ఇక ఎరుపు. దీని కథ పూర్తిగా వేరు. మంజిష్ఠ వేరులోని రంగు నూలును నేరుగా పట్టుకోదు. ముందు కరక్కాయ, తరువాత పటిక పట్టించిన నూలుకే అంటుతుంది. పటికతో కలిసిన మంజిష్ఠ ఎర్రగా ఉంటుంది. ఇనుముతో కలిస్తే ఊదాకు, గోధుమకు తిరుగుతుంది. కరక్కాయ ఇనుముతో కలిస్తే నలుపు. కలంకారీ పనివారు నలుపు గీతకు బెల్లంతో పులియబెట్టిన ఇనుప నీటిని వాడేది ఈ గుణాన్ని నమ్ముకునే. వాళ్లు కావాలని చేసేది మీ బోరు నీళ్లు అడగకుండా చేశాయేమో చూడాలి. దానికి తోడు డిటర్జెంటు పొడిలోని సోడా వంటి క్షారం కూడా మంజిష్ఠ ఎరుపును ఊదా వైపు లాగుతుంది. రెండింటిలో ఏది మీ శాలువాను పాడు చేసిందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో మీ బోరు నీళ్లు, మరొకదానిలో వాన నీళ్లు గానీ సీసాలో కొన్న నీళ్లు గానీ పోయండి. రెండింటిలో చెరొక చిటికెడు కరక్కాయ పొడి వేసి కలిపి, గంట సేపు కిటికీ దగ్గర ఉంచండి. మంచి నీటి గ్లాసు పల్చటి టీలా పసుపు గోధుమ రంగులో ఉంటుంది. బోరు నీటిలో ఇనుము ఉంటే ఆ గ్లాసు బూడిద రంగుకు, ఇంకా ఎక్కువ ఉంటే పల్చటి సిరా రంగుకు తిరుగుతుంది. బకెట్ లోపల ఎర్రటి చార కడుతున్నా అదే సూచన. నీళ్లు శుభ్రమని తేలితే తప్పు డిటర్జెంటుదే, దాన్ని కొంత వెనక్కి తేవచ్చు. ఇనుము వల్ల మారిన రంగును ఇంట్లో వెనక్కి తేలేరు. నేను సహజ రంగుల నూలుకు వానాకాలంలో డాబా మీద పట్టిన నీళ్లే దాచుకుని వాడతాను. అది కుదరనివాళ్లు కనీసం చివరి రెండు జాడింపులకైనా మంచినీళ్లు వాడాలి.

సబ్బు విషయంలో మన ఇళ్లలోనే పాఠం ఉంది. పసుపు నీటిలో సున్నం వేస్తే ఎర్రనీళ్లు అవుతాయి, దిష్టి తీస్తాం. పసుపు అద్దిన నూలును బట్టల సబ్బుతో ఉతికినా అదే జరుగుతుంది. సున్నం, సోడా, సబ్బు ఒక జాతివి. కుంకుడు రసం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది కాబట్టి ఇలాంటి రంగులను కదిలించదు. అచ్చమైన తెల్ల నూలుకు మాత్రం కుంకుడు రసం కొంచెం పసుపు చాయ ఇస్తుంది, అక్కడ మెత్తటి ద్రవ సబ్బు మేలు.

రంగులన్నీ ఒకే ఆయుష్షుతో పుట్టవు. పసుపు, మోదుగ పూల రంగు వెలుగుకు త్వరగా తగ్గిపోతాయి. మార్చి నెలలో ములుగు దారిలో మోదుగ చెట్లు ఆకు లేకుండా మండుతున్నట్టు పూస్తాయి. ఒక ఏడాది ఆ పూలు తెచ్చి నాలుగు చిలపలు అద్ది, ఏప్రిల్ ఎండలో డాబా మీద ఆరేశాను. సాయంత్రానికి చిలప పైవైపు ఎండిన గడ్డి రంగులో, తీగ కిందున్న వైపు కాషాయంగా ఉంది. అప్పటి నుంచి ప్రతి కొత్త రంగుకూ ఒక అట్ట చేస్తాను. పాత శుభలేఖ అట్టకు పోగును పక్కపక్కనే చుట్టి, సగం భాగాన్ని నల్ల కాగితంతో మూసి, ఎండ వచ్చే కిటికీకి నెల రోజులు తగిలిస్తాను. కాగితం తీసినప్పుడు రెండు సగాలకూ ఎంత తేడా ఉందో చూస్తే ఆ నూలును రోజూ కప్పుకునే శాలువాకు వాడాలా, పెట్టెలో ఉండే పండగ వస్తువుకు వాడాలా తేలిపోతుంది. ఏ రంగు నూలునైనా, ముఖ్యంగా మన ఉత్తర తెలంగాణ వేసవిలో, నీడలోనే ఆరబెట్టండి.

శాలువా ఒరగడానికి రంగుతో సంబంధం లేదు. అది పురి పని. రాట్నం మీద వడికిన ఒంటి పోగు ఒక వైపుకే మెలితిరిగి ఉంటుంది. కండె మీద, ఉండలో కదలకుండా ఉన్నంతకాలం ఆ పురి నిద్రపోయినట్టు ఉంటుంది. నీళ్లు తగలగానే లేచి, విప్పుకునే దారి వెతుకుతుంది. అల్లికలో ప్రతి కన్నూ కొంచెం కొంచెం ఒకే వైపు వాలితే మొత్తం బట్ట ఒరుగుతుంది. చిలపను ఉతికి ఆరేశాక ఒక వేలికి తగిలించి వదలండి. నిటారుగా వేలాడితే పురి సమంగా ఉంది. తనను తాను పెనవేసుకుంటే పురి ఎక్కువగా మిగిలి ఉంది. అలాంటి నూలును రెండు పోగులు కలిపి, వడికిన దిశకు ఎదురుగా పురి వేస్తే సర్దుకుంటుంది. రాట్నం లేకపోతే ఒంటి పోగుతోనే అల్లండి, కానీ ఒక వైపు అంతా నున్నగా ఉండే సాదా అల్లిక వద్దు. రెండు వైపులా ఒకేలా ఉండే గరుకు అల్లికలో ఒక వరుస లాగుడును ఇంకో వరుస చాలా వరకు సరిచేస్తుంది. నేతలో ఈ బాధ తక్కువ, పడుగూ పేకా (నిలువు, అడ్డం పోగులు) ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. అక్కడ ఒంటి పోగుకు గంజి పట్టించకపోతే పడుగులో తెగుతుంది, అది వేరే సమస్య.

ఒకే రంగు చిలపలు రెండు ఒకేలా లేవని కూడా మీరు రాశారు. ఉండవు. బాన రోజురోజుకూ బలం మారుతుంది, వేరు ఒక్కో తడవ ఒక్కో తీరుగా రంగు దిగుతుంది. ఒక చిలప అయిపోయాక ఇంకొకటి మొదలుపెడితే అతుకు పెట్టినట్టు గీత కనిపిస్తుంది. రెండు చిలపలనూ ఒకేసారి తెరిచి, రెండు వరుసలు దీనితో, రెండు వరుసలు దానితో అల్లుకుంటూ వెళ్తే తేడా కరిగిపోయి లోతుగా కనిపిస్తుంది. సన్నం లావు తేడాలూ అంతే. చేతి నూలు కొని మిల్లు నూలులా లేదనడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే. కొనేటప్పుడు ఎప్పుడూ ఒక చిలప ఎక్కువ తీసుకోండి, ఆ రంగు మళ్లీ దొరకదు. తూకం కూడా వేయించండి. ఖాదీ లెక్కలో చిలప అంటే 1000 మీటర్లు. అది 50 గ్రాములు తూగితే 20వ నంబరు, 25 గ్రాములు తూగితే 40వ నంబరు, అంటే నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నం. ప్రదర్శనల్లో చిన్న చిలపలు కూడా కడతారు, అందుకే పొడవు అడగాలి.

ఇప్పుడు మీ అత్తగారి సంచి. మీ ప్రశ్నలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది, నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది అదే అనిపించింది. అది దక్కనీ గొర్రె ఊలు. గొర్రెలు కాసే కురుమలు ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఆడవాళ్లు ఇంట్లో వడికి, పడుగుకు చింతగింజల గంజి పూసి, గొంగడి నేసేది ఈ ఊలుతోనే. మాంసం కోసం నెల్లూరు జాతి గొర్రెలు వచ్చాక నల్ల ఊలు గొర్రెలు మందల్లో తగ్గిపోయాయి, నెల్లూరు గొర్రెకు కత్తిరించుకోవడానికి ఊలు ఉండదు. ఇంటి మనిషి పంపిన సంచి దొరకడం మీ అదృష్టం.

అది ముతక ఊలు, పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది. ఆసనానికి, సంచికి, చలికాలంలో నేల మీద పరుచుకునే దుప్పటికి బాగుంటుంది. వడకడానికి ముందు పల్లేరు కాయలు, పేడ ముక్కలు చేత్తో ఏరి, ఒక రాత్రి చల్లటి నీళ్లలో నానబెట్టండి. సగం దుమ్ము అక్కడే దిగుతుంది. మరునాడు చేతికి ఓర్చుకునే వేడి నీటిలో కుంకుడు రసం కలిపి ఊలును దించండి, నొక్కండి, తీయండి. కలియబెట్టవద్దు. ఊలు వెంట్రుక మీద చేప మీద ఉన్నట్టు పొలుసులు ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ముద్ద కడతాయి, ఆ ముద్ద మళ్లీ విడదు. జాడించే నీళ్లు కూడా మొదటి నీళ్లంత వేడిగానే ఉండాలి. వాషింగ్ సోడా అసలు తగలనివ్వవద్దు, పత్తి ఓర్చుకున్నట్టు ఊలు ఓర్చుకోలేదు. నులక మంచం నీడలో వేసి పల్చగా పరిస్తే కింది నుంచి కూడా గాలి ఆడి త్వరగా ఆరుతుంది. మహదేవపూర్, చెన్నూరు వైపు దొరికే దసలి (టస్సర్) పట్టు నూలుకూ సబ్బు విషయంలో ఈ జాగ్రత్తలే.

పురుగు విషయానికి వస్తే, ఎగిరే చిమ్మట ఊలు తినదు. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగు తింటుంది. చీకటి, కదలిక లేని మూల, చెమట, మురికి దానికి ఇష్టం. అందుకే మురికి ఊలును దాచకూడదు. వేపాకు వాసనకు చిమ్మట కొంత దూరంగా ఉండవచ్చు, కానీ సంచిలో అప్పటికే ఉన్న గుడ్లను వేపాకు ఏమీ చేయదు. సంచిలో సన్నటి సాలెగూడు లాంటి పోగులు, ఇసుక రేణువుల్లాంటి గింజలు కనిపిస్తే అవి ఆ పురుగువే. ఉతికి బాగా ఆరిన ఊలును గాలి చొరబడని కవరులో కట్టి, ఫ్రిజ్ పైభాగంలోని ఫ్రీజర్‌లో, సున్నాకు 18 డిగ్రీల దిగువన, రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పవద్దు, విప్పితే చెమ్మ పడుతుంది. తరువాత పల్చటి తెల్ల నూలు సంచిలోకి మార్చి, రెండు నెలలకోసారి తీసి దులపండి. ఈ దులపడం మానితే మిగిలినవన్నీ చేసినా లాభం ఉండదు.

పత్తి నూలు చిలపలకు చిమ్మట భయం లేదు. గంజి ఉన్న నూలును మాత్రం పుస్తకాల్లో కనిపించే వెండి రంగు పురుగు కొరుకుతుంది. కాబట్టి దాచే నూలులో గంజి ఉండకూడదు. వానాకాలంలో పాలిథిన్ కవర్లలో పెడితే బూజు పడుతుంది. ఉండలుగా చుట్టి నెలల తరబడి ఉంచితే పోగు సాగిపోతుంది, చిలపగానే మడిచి పెట్టండి. ఇనప పెట్టె అయితే లోపల తెల్లగుడ్డ పరవండి, కరక్కాయ పట్టిన నూలుకు తుప్పు తగిలితే నల్ల మచ్చ ఖాయం.

చివరగా, పాడైందని మీరు మడిచి పక్కన పెట్టిన శాలువా. ముందు తెల్ల చారల్లోని నీలం సంగతి చూడండి. గోరువెచ్చటి మంచినీళ్లు పెద్ద బకెట్ నిండా తీసుకుని, మెత్తటి సబ్బుతో, మధ్యలో ఆరనివ్వకుండా నాలుగైదుసార్లు జాడించండి. తెలుపు మీద పడిన నీలం వదులుగా అంటుకున్నదే, చాలా వరకు పోతుంది. బ్లీచింగ్ పొడి మాత్రం ముట్టుకోవద్దు, తెల్లచార బాగుపడకముందే నీలి చార పోతుంది. తరువాత ఎరుపు. అల్లగా మిగిలిన ఎర్ర పోగు ముక్క ఒకటి తీసుకుని డిటర్జెంటు నీటిలో ముంచి ఊదాకు తిప్పండి, జాడించి, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపిన గ్లాసు నీటిలో వేయండి. ఎరుపు తిరిగి వస్తే శాలువాను కూడా బకెట్ నీటికి రెండు చెంచాల వెనిగర్ కలిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో జాడించండి. వెనిగర్ రంగును పట్టి ఉంచదని పైన చెప్పాను, ఇక్కడ దాని పని సోడా ప్రభావాన్ని విరిచేయడమే. ఎక్కువ పోస్తే ఎరుపు నారింజ వైపు పోతుంది. తువ్వాలులో చుట్టి నొక్కి, పరుపు మీద పాత దుప్పటి వేసి, శాలువాను తడిగానే నాలుగు మూలలూ సమంగా లాగి, అంచుల వెంట బెత్తెడు దూరానికో గుండుసూది గుచ్చి ఆరనివ్వండి. సూదులు తుప్పు పట్టనివి కావాలి. ఒంటి పోగు కాబట్టి తరువాతి ఉతుకులో మళ్లీ కొంత ఒరుగుతుంది, మళ్లీ ఇలాగే లాగి ఆరేయాలి. బోరు నీటి గ్లాసు ఏ రంగుకు తిరిగిందో రాయండి, బూడిద రంగు అయితే ఆ ఎరుపును ఏ రంగులోకి మార్చి అద్దవచ్చో చెబుతాను.